నేలిదాకు గుండెజబ్బు లేదు

సుక్రే నగరంలో, విశ్వవిద్యాలయం వెనక వీధిలో విద్యార్థులకు గదులిచ్చి భోజనం పెట్టే ఎదువీహిస్ సారతే అనే నేను, డెబ్భై రెండేళ్ల వితంతువును, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి స్పృహతో రాయించిన వీలునామా ఇది. నా బుద్ధి స్థిమితంగా ఉందని డాక్టరు ధ్రువీకరించాడు. మనసు సంగతి ఆయన అడగలేదు. అది నేనే చెబుతాను.

1. నా స్వార్జితమైన ఈ ఇల్లు, తొమ్మిది గదులు, వంటిల్లుతో సహా, నా తదనంతరం డాక్టర్ ఎల్మెర్ కుతిపాకు సర్వహక్కులతో చెందాలి. ఇక్కడే ఉండి చదువుకున్నవాడు. వీలునామాను అమలు జరిపేదీ అతనే. ఇల్లు విద్యార్థుల వసతిగానే నడవాలి.

2. నా అన్న కొడుకు రెంబెర్తోకు గోడ గడియారం మాత్రమే. పదకొండేళ్ల కిందట, వైద్యం చదివే నేలిదా కోల్కే మా ఇంట్లో తన ప్రాణం తానే తీసుకుంది. నాలుగో రోజే వీడు ఆ గదికి సున్నం కొట్టించి, "అత్తా, ఇది బయటికి పొక్కితే నీ ఇంట్లో ఒక్కరూ దిగరు. గుండె ఆగిపోయిందని చెప్పెయ్" అన్నాడు. సలహా వాడిది. అబద్ధం చెప్పిన నోరు నాది. అందుకే గడియారమైనా ఇస్తున్నాను.

3. నేలిదా తల్లి, పొతొసీలో ఉండే ఎర్మీనియా గారికి: మీ అమ్మాయి తెల్లకోటు ఉతికి, ఇస్త్రీ చేసి నా పెట్టెలో ఉంచాను. బిడ్డను తీసుకెళ్లడానికి వచ్చిన రోజు మీరు, "నా తల్లి సరిగ్గా తినేదా అక్కా?" అని అడిగారు. "కడుపునిండా తినేది" అన్నాను. లేదు. పరీక్ష రెండోసారి తప్పాక మూడు వారాలు సరిగ్గా తినలేదు. "ఆకలి లేదు పిన్నీ" అంటే, "రాకుమార్తెకి మా వేరుశనగ సూపు దిగదులే" అని దెప్పాను. పుస్తకాలు తోటివాళ్లకు పంచేస్తుంటే, ఎంత మంచి పిల్ల అనుకున్నాను. పరీక్షే కారణమని అనను. నేను అడగలేదు, కాబట్టి నాకు తెలియదు. క్షమించమనడం లేదు. మీకు తెలియాలి.

4. ఇల్లు ఎల్మెర్‌కే ఎందుకో బంధువులకు చెప్పాలి. నేలిదా పోయిన మరుసటి ఏడు అతను తరగతులు మానేశాడు, గది దాటడం మానేశాడు. ఈసారి నాకు భయం వేసింది. వెళ్లి మంచం మీద కూర్చుని, నోరు పెగల్చుకుని అడిగాను: "ఒరేయ్, చచ్చిపోవాలనిపిస్తోందా?" గోడవైపు తిరిగి ఏడ్చాడు. "నేలిదాది గుండెజబ్బన్నావు కదా పిన్నీ. ఇలా అనిపించేది లోకంలో నాకొక్కడికేనేమో అనుకున్నా." అప్పుడు నిజం చెప్పాను. ఒంటరిగా వదలకుండా, ఆ పూటే చెయ్యిపట్టుకుని మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాను. మందులు, మాటలు. మధ్యలో మళ్లీ కుంగాడు. మళ్లీ వెళ్లాం. బతికాడు. నా అబద్ధం ఇంకో బిడ్డను తీసుకుపోయేదే.

5. నా ఊలు శాలువా పక్కవీధి రొట్టెల ఫౌస్తినోకు. చలికి ఎప్పుడూ వణుకుతాడు, ఒప్పుకోడు.

6. మిగతాది తర్వాత రాయిస్తాను. కొత్తగా చేరిన బ్రిహిదా రెండు రోజులుగా కిందికి రాలేదు. నోటరీ గారు తొందరపడుతున్నారు. ఆయనను కూర్చోమన్నాను.

నోటరీ గమనిక: వీలునామాదారు మేడమీదికి వెళ్లి గంటన్నరకు తిరిగివచ్చారు. ఇంకేమీ చేర్చలేదు.

సుక్రే, 14 ఆగస్టు 2023
(సంతకం) ఎదువీహిస్ సారతే

సాక్షులు:
సెనోబియో అర్సే, పాఠశాల ఉపాధ్యాయుడు
బ్రిహిదా లిమాచీ, విద్యార్థిని