వాటా ఇవ్వబడును

చిరంజీవి తమ్ముడికి,

అక్కయ్య ఆశీస్సులు. క్షేమంగానే ఉన్నాను. సుఖంగా మాత్రం లేను, ఎందుకంటే ఇల్లంతా సిమెంటు.

నేను ఇల్లు అమ్ముకుని వృద్ధాశ్రమంలో చేరుతున్నానని బంధువర్గంలో ఒక మాట తిరుగుతోందట. దాన్ని పుట్టించినవాళ్లు ఇసుక లారీని చూసి సామాన్ల లారీ అనుకుని ఉంటారు. ఆ లారీ సరుకు దించి వెళ్లింది, ఎక్కించుకుని కాదు. ఈ తేడాను దయచేసి అందరికీ తెలియజేయి.

జరుగుతున్నది ఇది. నా ఉద్యోగం డబ్బుతో నేను కట్టుకున్న ఈ ఇంట్లో మేడమీది గదులు ఇన్నేళ్లూ పాత సామానుకే పనికొచ్చాయి. వాటిని బాగుచేయించి ఒక వాటాగా వేరు చేయిస్తున్నాను. విడిగా మెట్లు, విడిగా కరెంటు మీటరు. పని పూర్తికాగానే యోగ్యులెవరినైనా చూసి ఇచ్చేస్తాను. కుళాయిల మేస్త్రీ ఆ వాటా తనకిమ్మని అప్పుడే అడుగుతున్నాడు. మనిషి మంచివాడే. ఆలోచిస్తున్నాను.

కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే మేడెక్కాలనిపిస్తోంది. ఎక్కితే ఏదో ఒకటి వంకరగా కనబడుతోంది.

ఇట్లు,
నీ అక్కయ్య

తా.క. స్నానాలగది నేలకి వాలు తప్పుగా వచ్చింది. పోసిన నీళ్లు తూము వైపు పోకుండా, చుట్టాల్లా నేరుగా హాల్లోకి వస్తున్నాయి. పగలగొట్టించాను.

---

పూజ్యురాలైన అక్కయ్యకి,

తమ్ముడు నమస్కరించి రాస్తున్నది.

మీ ఉత్తరం చదువుతూ కాఫీ చొక్కామీద పోసుకున్నాను. ఇల్లు అమ్మడం లేదని సంతోషించే లోపే వాటా వేరు చేస్తున్నానని రాశారు! అదీ కుళాయిల మేస్త్రీకా? తోడబుట్టినవాణ్ణి నేనొకణ్ణి బతికుండగా, పైపు బిగించినవాడికి ఇంట్లో వాటా ఇచ్చేస్తారా? రేపు రంగులవాడు అడిగితే వంటిల్లు రాసిచ్చేస్తారా?

యోగ్యులెవరైనా అన్నారు. మేం ఏ విషయంలో అయోగ్యులమో కాస్త సెలవియ్యండి. ఇచ్చేదే అయితే ఆ వాటా మాకు కావాలి. నామీద కోపముంటే మీ మరదలి పేరు మీద రాయండి, నాకేం అభ్యంతరం లేదు.

ఇట్లు,
మీరు మరిచిపోయిన తమ్ముడు

తా.క. మీ మరదలికి ఉత్తరం చదివి వినిపిస్తే, ఆ గదుల్లో గాలీ వెలుతురూ బాగా ఉంటాయా అని అడిగింది. ఆస్తి వ్యవహారాలంటే నా భార్యకి బొత్తిగా తెలియదు.

---

చిరంజీవి తమ్ముడికి,

అక్కయ్య దీవెనలు. నీ కోరిక అందింది. మిగతావాళ్ల కోరికల వెనకాల వరసలో పెట్టాను.

సొంత ఇల్లుండగా నీకు నా వాటా ఎందుకో బోధపడలేదు. అయితే అద్దెకొచ్చేవాళ్ల సొంత సంగతులు యజమానురాలు ఆరా తీయకూడదన్నది నా నియమం. అద్దె అందరికీ ఒకటే; తమ్ముడివని తగ్గించను, తమ్ముడివని పెంచను. అడ్వాన్సు ముందుగా ఇవ్వాలి. గోడలకి మేకులు కొట్టకూడదు. నీ గురక సంగతి చిన్నప్పటినుంచీ తెలుసు కనక, నీ పడకగది కింద నేను పడుకోకుండా ఏర్పాటు చేసుకుంటాను.

నిన్న ఒక పెద్దమనిషి వాటా చూడటానికి వచ్చాడు. గోడలన్నీ వేలితో తట్టి, "మాట్లాడటానికి ఇంట్లో మగవాళ్లెవరూ లేరామ్మా?" అన్నాడు. "ఉన్నారు. స్నానాలగదిలో బండలు పరుస్తున్నారు, వెళ్లి మాట్లాడండి" అన్నాను. వెళ్లాడు. పంట్లాముకి మోకాళ్లదాకా సిమెంటు పూసుకుని తిరిగొచ్చాడు. అతనికి ఇవ్వలేదు.

ఇట్లు,
నీ అక్కయ్య

తా.క. హాలు గోడకి మళ్లీ రంగు మార్పిస్తున్నాను. డబ్బామీద లేత నిమ్మపండు అని ఉంది. గోడమీదికెక్కేసరికి కామెర్లయింది.

---

అక్కయ్యకి,

నమస్కారాలు పెడుతున్నాను, అలవాటు కొద్దీ.

అద్దె! తమ్ముడి వాటాకి అద్దె, పైగా అడ్వాన్సు! మా లాయరుకి చూపిస్తే కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. వాటాకి అద్దె కట్టే వారసుణ్ణి తానింతవరకూ చూడలేదన్నాడు.

ఇదంతా ఒంటరిగా ఉండటంవల్ల వచ్చిన అలసట. ఈ వయసులో మీకు మేస్త్రీలతో అరుపులేమిటి, నిచ్చెనలెక్కడమేమిటి? ఇంటి తాళాలు నాకివ్వండి. అద్దెలూ గిద్దెలూ నేను చూసుకుంటాను. మీరు మా ఇంటికొచ్చి కిటికీ పక్కన కుర్చీలో హాయిగా కూర్చోండి. ఆదివారం వచ్చి తీసుకెళ్తాను.

ఇట్లు,
మీ మేలు కోరే తమ్ముడు

తా.క. ముందుగా మీ మరదల్ని రాయబారం పంపుతున్నాను. ఏం మాట్లాడాలో, ఎక్కడ కళ్లు తుడుచుకోవాలో అంతా కాగితంమీద రాసిచ్చాను.

---

చిరంజీవి తమ్ముడికి,

అక్కయ్య ఆశీస్సులు. ఈసారి కొంచెం ఎక్కువే పంపుతున్నాను, అవసరం పడుతుంది.

రాయబారి వచ్చింది. నీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, టపటపా కొట్టుకుంటున్న కిటికీ రెక్క కింద దోపింది. చప్పుడాగింది. తర్వాత, "వదినా, వాటా అంటే ఆయన ఆస్తి పంపకమనుకున్నారు!" అని చెప్పి, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. గంభీరంగా ఉందామని నేనెంతో ప్రయత్నించాను. నావల్ల కాలేదు.

అద్దెకిచ్చే గదుల్నీ, పంచుకునే ఆస్తినీ ఒకే మాటతో పిలిచే భాషలో పుట్టడం మన తప్పు కాదు. తాళాలడగటం మాత్రం నీ తప్పే. కిటికీ పక్కన కుర్చీ నా ఇంట్లోనూ ఉంది. అందులో కూర్చునే తీరిక నాకు లేదు. తాళాలు నీ చేతికొచ్చిన రోజున నేను నా ఇంటికే చుట్టాన్నవుతాను. గ్లాసుడు మంచినీళ్లు కావాలంటే ఎవరినడగాలా అని చూడటం నాకు చేతకాదు. ఇప్పుడు నేర్చుకోను.

ఇక వాటా సంగతి. నీ భార్య గదులన్నీ తిరిగి, కుళాయిలన్నీ తిప్పి, అడ్వాన్సు బల్లమీద పెట్టింది. నువ్వు రిటైరైనప్పటినుంచీ ఆమె కుట్టుమిషను దగ్గర నిలబడి, కుట్టే ప్రతి కుట్టుకీ సలహా చెబుతున్నావట. నలుగురికి కుట్టుపని నేర్పడానికి, పక్కన ఎవరూ నిలబడని గదులు కావాలంది. నువ్వు కోరినట్టే ఆమె పేరుమీదే రాశాను. పనిరోజుల్లో ఇక్కడ, ఆదివారాలు నీ దగ్గర. కాబట్టి ఈ ఆదివారం నువ్వు బయలుదేరితే ఇద్దరూ దారిలో ఎదురుపడతారు.

ఇట్లు,
నీ అక్కయ్య,
ఇంటి యజమానురాలు

తా.క. నేనూ అక్కడే ఉంటానని నువ్వు వెంటనే ఉత్తరం రాస్తావు. శ్రమపడకు. ఆ విషయం నిన్ననే తేల్చేశాను. ఎవర్నీ సంప్రదించలేదు, నీ భార్యని కూడా. రావచ్చు, భోంచేయవచ్చు, సాయంత్రం బస్సుకి వెళ్లవచ్చు. వాటాలో ఒక్కరే ఉండాలని ఒప్పందంలో రాయించాను. ఆ ఒక్కరూ నువ్వు కాదు.