చూడలేదన్నాను

గూడూరు,
ఆదివారం సాయంత్రం.

కొడవలూరులో ఉన్న అక్కకు, తమ్ముడు రాఘవ దండాలు పెట్టి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారా? బావ నడుము నొప్పి తగ్గిందా? ఎడగారు పంటకు నాట్లు అయిపోయాయా? ఇక్కడ ఎండకు మా రేకుల షెడ్డు కాలిపోతోంది. అభ్రకం పొరలు విడదీసే పని చేతికి అలవాటైంది. హోటలు అన్నం మాత్రం గొంతు దిగేది కాదు. పక్కన కూర్చుని పనిచేసే మంగమ్మత్త తన చేపల పులుసులో సగం నాకు పెట్టేది. నా గురించి బెంగపడవద్దు.

పెట్టేది అని ఎందుకు రాశానంటే, ఆమె ఇప్పుడు పనిలో లేదు. పోయిన వారం మంచి అభ్రకం పలకలు కొన్ని మాయమయ్యాయి. సాయంత్రం గేటు దగ్గర ఆడవాళ్లందరి చేత కొంగులు దులిపించారు. ఏమీ దొరకలేదు. అయినా మేస్త్రి మంగమ్మత్త మీదే వేలు చూపించాడు. ఆ పలకలను మేస్త్రే తన అన్నం క్యారియర్‌లో పెట్టుకోవడం మధ్యాహ్నం నేను కళ్లారా చూశానక్కా. "ఎవురన్నా చూసినారా?" అని యజమాని అడిగితే, "నేను చూళ్లేదయ్యా" అన్నాను. నన్ను పనిలో పెట్టించింది మేస్త్రే, ఆ భయం. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఇవాళ మనసు బాగాలేక, షెడ్డులో తూకం వేసే కాశయ్యతో మ్యాట్నీకి వెళ్లాను. ముసుగు వేసుకున్న వీరుడి బొమ్మ. కోటగోడలు ఒక్క దూకులో దాటతాడు, పదిమందిని ఒంటిచేత్తో విసిరేస్తాడు. నన్ను కట్టిపడేసింది మాత్రం అందులోని దొంగతనం కథ. రాజుగారి నగ పోతే పూలు కట్టే ఆమె మీద నేరం పడుతుంది. దొంగ మంత్రేనని వీరుడికి తెలుసు, కానీ కళ్లతో చూసింది వంటవాడు ఒక్కడే. వీరుడు కత్తి కింద పెట్టి వాణ్ని బతిమాలతాడు. "ఆ సీను తీసేసుంటే బొమ్మ ఇంకా జోరుగా ఉండునే!" అన్నాడు కాశయ్య. నాకైతే బొమ్మకు ప్రాణం అక్కడే ఉందనిపించింది. అంత బలమున్నవాడు ఒక పిరికివాడి నోటికోసం కాచుకుని కూర్చున్నాడు. చివరికి వంటవాడు నిజం చెప్పేసరికి హాలంతా ఈలలు. నేను తలెత్తలేకపోయాను.

బయటికి వస్తుంటే ఆడవాళ్ల గేటు దగ్గర మంగమ్మత్త కనిపించింది. చెల్లెలు బలవంతాన తీసుకొచ్చిందట. నన్ను చూసి నవ్వుతూ వచ్చింది.

"అన్నం తింటా ఉండావా అబ్బయ్యా? చిక్కిపోయినావే!" అంది. తరవాత మెల్లగా, "నువ్వన్నా చూసుంటే చెప్పుండేవాడివి" అంది.

నేను అవునన్నట్టు తలూపాను. అక్కా, ఆమె మొహం చూస్తూ తలూపాను.

రేపు పొద్దున్నే ముందు ఆమె ఇంటికి, అక్కణ్నుంచి యజమాని దగ్గరికి వెళ్తాను. పని పోతే మీ ఊరికే వచ్చేస్తాను, బావ చెవిన ఒక మాట వేసి ఉంచు. పెద్దమ్మకు నా దండాలు, చిన్నవాడికి ముద్దులు. చల్లగా ఉండమని ఎప్పుడూ దీవిస్తావుగా, ఈసారికి మాత్రం మంగమ్మత్త గుమ్మంలో నాకు నోరు పెగలాలని దీవించు.

నీ తమ్ముడు,
రాఘవ