రెండు ముద్దల పొంగలి

మంగళవారం, రాత్రి



ఈ ఉదయం టాన్సిల్స్ ఆపరేషన్‌కి ముదలియార్‌పేట నుంచి నాలుగేళ్ల పాప వచ్చింది. కడుపు ఖాళీయేనా అని వాళ్ల అవ్వను రెండుసార్లు అడిగాను. "రాత్రి నుంచి ఏమీ తినలేదు డాక్టరమ్మా" అంది. మత్తు మాస్కు ముఖం దగ్గరికి తెస్తుంటే పాప నా వేలు పట్టుకుంది. దాని అరచెయ్యి నెయ్యి జిడ్డు. మాస్కు పక్కన పెట్టి బయటికి పరుగెత్తాను.

"పొద్దున సామి ప్రసాదం పెట్టినా, రెండు ముద్దల పొంగలి. దాన్ని యాడన్నా తిండంటారా?" అంది అవ్వ.

మత్తులో అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయుంటే? ఆపరేషన్ ఆపేశాను. అవ్వ మీద గట్టిగా అరిచాను. అరవకుండా ఉండాల్సింది, ఆమె అబద్ధమాడలేదు. మా అమ్మ కూడా ఉపవాసం రోజు ప్రసాదం కళ్లకద్దుకుని తింటుంది. ఉపవాసం చెడిందనుకోదు.

పన్నెండేళ్లుగా పిల్లల్నీ పెద్దల్నీ "ఏమైనా తిన్నారా?" అని మాత్రమే అడిగి మత్తిస్తున్నాను. లేదన్నవాళ్లలో ఎంతమంది దారిలో గుడి దగ్గర ఆగి వచ్చారో...