అమ్మ మార్చుకున్న విన్నపం

నాచారం,
ఆదివారం.

చిట్టితల్లి హన్నాకు,

అమ్మ ముద్దులతో రాస్తున్నది. ప్రభువు దయవల్ల ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. చెన్నై హాస్టల్లో నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను, నమ్మకం మాత్రం కొంచెం తక్కువే. ఫోన్ ఉండగా ఉత్తరమెందుకంటావా? ఫోన్లో నా గొంతు వణికితే నువ్వు మెత్తబడిపోతావు. అందుకని కాగితం.

నాన్న మోకాలి నొప్పి గురించి అడిగావు. తగ్గిందంటారు గాని, మెట్లు కనిపిస్తే మళ్ళీ గుర్తొస్తుంది. చర్లపల్లి డ్యూటీకి బండి మీదే పోతున్నారు. ఉప్పల్ రోడ్డు దుమ్ము నువ్వు వెళ్ళినప్పటిలాగే ఉంది.

ఇక నీ చదువు. నీ ఉత్తరం నాన్నకు చదివి వినిపించాను. ఇక్కడి హైదరాబాద్ ఎం.బి.ఏ.లో ఫైనాన్స్‌తో పాటు మార్కెటింగ్, మనుషుల్ని నడపడం, అన్నీ కొంచెం కొంచెం చెబుతారని రాశావు. ముంబైలోనూ సీటొచ్చిందనీ, అక్కడి ఎమ్మెస్సీ ఫైనాన్స్‌లో నీకిష్టమైన గణితమే ప్రాణమనీ, బ్యాంకు ఇచ్చిన అప్పు తిరిగొస్తుందా మునుగుతుందా అని ముందే పసిగట్టే ఉద్యోగానికి అదే దారనీ రాశావు. నాన్న నవ్వారు. "ఎం.బి.ఏ. అంటే ఫుల్ మీల్స్ అన్నట్టు. నీ బిడ్డ సిన్నప్పటిసంది పప్పన్నం ఒక్కటే తింటది. దాని ఆకలి దానికే ఎరుక" అన్నారు. మీ గ్రేసీ అత్త మాత్రం "ఎమ్మెస్సీ అంటే టీచరమ్మ అయితదా అని అడుగుతరు వదినా" అంది. నిజమే, అడుగుతారు. అడగనీ.

చివర్లో నువ్వు రాసిన మాట దగ్గరే ఆగిపోయాను. "సంఘమంతా ఉపవాసముండి ప్రార్థిస్తే వచ్చిన ఎం.బి.ఏ. సీటు కదమ్మా. వద్దంటే దేవుడిచ్చింది కాలదన్నినట్టు కాదా?" అన్నావు.

కాదు తల్లీ. హైదరాబాద్ అని దేవుడు అనలేదు, నేనన్నాను. రెండుచోట్లా అప్లై చేశాను, ఏది మంచిదైతే అది ఇమ్మని అడుగమ్మా అని నువ్వు చెప్పి వెళ్ళావు. అప్పట్లో ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో విన్నపాలు చెప్పే వంతు నాదాకా వచ్చేసరికి, నా నోట "ఎం.బి.ఏ. సీటు, అది గూడ హైదరాబాద్‌లనే" అని వచ్చింది. చెన్నై చాలదా, ఇంకా ముంబైయా అని నా కడుపుతీపి. పాపం, వాళ్ళంతా మంచినీళ్ళు కూడా ముట్టకుండా నా స్వార్థం కోసం ప్రార్థించారు.

మొన్న శుక్రవారం మళ్ళీ లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, పాత విన్నపం మార్సుకోవచ్చునా?"

పాస్టరుగారు నవ్వారు. "మార్సుకో దోర్కమ్మా. దేవునికి గిసొంటియి కొత్త గాదు."

"నా బిడ్డ ముంబై పోయి తనకు నచ్చింది సదువుకుంటది. దాని కోసం ఫికర్ లేదు, మంచిగనే సదువుతది. నా కోసం ప్రార్థన జెయ్యున్రి. దాన్ని పంపే ధైర్యం నాకు రావాలె."

అందరికంటే ముందు మీ గ్రేసీ అత్తే మోకరించింది. నాకు ఏడుపు ఆగలేదు.

అందుకని, ఎమ్మెస్సీకే వస్తున్నానని ముంబై వాళ్ళకు వెంటనే రాసెయ్యి. ఇక్కడ సంఘమంతా నా ధైర్యం కోసం పస్తులుంటోంది. ఇప్పుడు నువ్వు వెనకాడితే వాళ్ళ ఆకలి వృథా అవుతుంది.

ఇట్లు,
ధైర్యం కొంచెం కొంచెంగా వస్తున్న
మీ అమ్మ,
దోర్కా