మూత తీయని మందు

పాస్టరమ్మగారికి, మీ టైలరు తమ్ముడి వందనాలు.

పోయినేడు ఈస్టరు ముందు శ్రమకాలపు బైబిల్ స్టడీలో ఒక్కొక్కరూ ఒక్కో వచనం చదివేవారు. నాకు నత్తి కదా, నా వంతు రాబోతుంటే దగ్గు నటిస్తూ బయటికి జారుకునేవాణ్ణి. పాపం, మీరు నిజమనుకుని మందు సీసా ఇచ్చారు.

ఈ ఏడు మీరు "అందరం ఒక్క గొంతుతో చదువుదాం" అన్నారు. అందరితో కలిసి చదువుతుంటే నా నాలుక ఎక్కడా తడబడలేదు. ఇదేదో కొత్త పద్ధతి అనుకున్నాను. "అమ్మగారు అది నీకోసమే పెట్టారయ్యా!" అని నిన్న మా ఆవిడ చెబితే, చేతిలో కత్తెర అలాగే ఆగిపోయింది.

మీ మేలు మరువను. ఒక్క మనవి. శుభ శుక్రవారం నాడు ఒక్క వచనం నన్ను ఒంటరిగా చదవనివ్వండి. మధ్యలో ఆగితే ఎవరూ అందించొద్దు, కాస్త ఓపిక పడితే చాలు.

మీరిచ్చిన దగ్గుమందు తిరిగి పంపుతున్నాను. మూత కూడా తీయలేదు.