బడికి ఆర్చి కట్టారత్తా

అత్తా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. నంద్యాలలో మనిద్దరం చదివిన కాన్వెంటు బడి ముందు నీ పేరుతో ఆర్చి లేచింది. ఆళ్లగడ్డ బస్సులో పోయేవాళ్లకు కూడా కనిపించేంత పెద్ద నీలం అక్షరాలు. చూసి ఉంటే నువ్వు చెప్పు తీసేదానివి.

నీ పొలం ఆ బడికి రాసిస్తూ వీలునామాలో నువ్వు కోరింది ఒక్కటే, ఆడపిల్లలకు మరుగుదొడ్లు. బడి వదిలేదాకా నీళ్లు తాగకుండా బిగబట్టుకుని చదివినదానివి. నేనూ అలాగే చదివాను. ఇప్పటి పిల్లలూ అంతే. అయినా మా నాయన, బడి సిస్టర్లు కలిసి ముందు ఆర్చి కట్టించారు.

నాయనను అడిగితే కసిరాడు. "లెట్రీన్ గోడ మింద సచ్చిపోయిన మా అక్క పేరు రాపిస్తే ఊర్లో మొగం యెట్ల ఎత్తుకోవల్ల?"

"పేరు రాయమని అత్త యాడ చెప్పింది నాయనా?"

"నోర్ముయ్. పుస్తకాలు సదివి నాకే చెప్తాండావా?"

ఈ సాయంత్రం ఆర్చి ప్రారంభ సభలో వందన సమర్పణ నాకు అప్పగించారు. నలుగురిలో నోరు విప్పనిదాన్ని కదా, రాసిచ్చింది చదివి దిగిపోతానని వాళ్ల ధీమా. నేను నీ వీలునామాలోని ఆ వాక్యం చదివాను. నాయన లేచి వెళ్లిపోయాడు.

వెనక నుంచి ఒక పిల్ల అరిచింది. "ఐతే లెట్రీన్లు ఎప్పుడు కట్టిస్తారు సిస్టర్?"

హెడ్మిస్ట్రెస్ సిస్టర్ నా చెవి దగ్గరకు వంగి, "ఎండాకాలం సెలవుల్లో కట్టిస్తాంలే, ఇంక దిగమ్మా" అంది.

మైకు తీసి ఆమె నోటి ముందు పెట్టాను. "ఆ మాట దీంట్లో చెప్పండి సిస్టర్."

ఆమె చెప్పేదాకా చెయ్యి దించలేదత్తా.