బేస్తవారిపేట దాటాక ఆగిన బండి

ఫిబ్రవరి 25, 1958. మంగళవారం

పదకొండో తేదీ సంగతి ఇంకా రాయలేదు. వరుసగా రాసేస్తాను.

అప్పటికి మూడు రోజులుగా నా భార్య చెన్నమ్మకు కడుపునొప్పి. పొద్దున్నే ఊళ్ళో డాక్టరు వచ్చి కుడివైపు నొక్కాడు. కేక వేసింది. ఆపరేషన్ చేయాలి, వెంటనే నంద్యాల తీసుకుపొమ్మన్నాడు. రైలు వెళ్ళిపోయింది. ఇక మా పికప్పే. వెనక ఉన్న పలకల పెట్టెలు దించి పరుపు వేశాం. ఆమె వంగి నడుస్తూ వచ్చి, ఎక్కేముందు ఎప్పటిలాగే బండికి బొట్టు పెట్టింది. తమ్ముడు నారాయణ పసుపు గిన్నె పట్టుకున్నాడు. "ఇప్పుడెందుకు ఇవన్నీ" అన్నాను. విసుగ్గానే అన్నాను.

ఏడుంబావుకు బయల్దేరాం. వెనక నారాయణ, వదిన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బేస్తవారిపేట దాటాక రెండో మైలురాయి దగ్గర ఇంజను రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. ఎనిమిదిన్నర. ప్లగ్గులు విప్పి తుడిచాను. పాయింట్లు గీకాను. కార్బురేటర్ జెట్ విప్పి ఊదాను. హ్యాండిల్ తిప్పి తిప్పి అరచేతులు బొబ్బలెక్కాయి. ఆఖరికి, పెట్రోలు అయిపోయిందేమోనని టాంకు మూత తీసి పుల్ల ముంచాను. సగానికి పైనే ఉంది. టాంకులో ఎక్కడో టప్ మంది. మూత బిగించి తిప్పితే అందుకుంది. ఏమీ జరగనట్టు. పది గంటలయింది.

నంద్యాల చేరేసరికి ఒకటిన్నర. రెండుంబావుకు పోయింది. డాక్టరు చేతులు కడుక్కుంటూ "ఇంకొంచెం ముందు..." అని ఆపేశాడు.

జరిగింది ఇంతే.

ఫిబ్రవరి 27

నారాయణ భార్య సుబ్బులుకు ఎనిమిదో నెల. పోయినసారి బిడ్డ కడుపులోనే పోయింది. ఈసారి నెలలు నిండకముందే వచ్చి ఆసుపత్రిలో ఉండాలని నంద్యాల డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. ఏప్రిల్ మొదట్లో బండిలో తీసుకుపోదామని నారాయణతో అన్నాను.

"రైల్లో పోతాం."

రైలు లేని వేళ నొప్పులు వస్తే? నేను అడగలేదు. వాడికీ తెలుసు.

అన్నం ముందు కూర్చుని అన్నాడు — "నీ మీద కోపం గాదు అన్నా. ఆ బండి ఎందుకు ఆగిందో చెప్పు. అప్పుడు ఎక్కిస్తా. అంతవరకు నా పెండ్లాం దాంట్లో కాలు పెట్టదు."

న్యాయమే.

మార్చి 2. ఆదివారం

బండి మస్తాన్ షెడ్డులో. యుద్ధంలో బర్మా దాకా పోయి ఇలాంటి బండ్లే రిపేరు చేసినవాడు. రోజంతా విప్పాడు. పంపు, పైపు, కాయిలు, కండెన్సరు. అన్నీ బాగున్నాయి.

"రోగం ఉన్నప్పుడు తేవాల సామీ. గట్టిగా ఉన్నోణ్ణి తెచ్చి నాడి చూడమంటే ఏం జూడాల?"

వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరవుతుందేమో, పైపుకు తడిగుడ్డ చుట్టమన్నాడు. ఫిబ్రవరి పొద్దున వేడి ఎక్కడిదన్నాను.

"అయితే మీ బీయస్సీలో ఏం జెప్పినారో నువ్వే చెప్పు."

మార్చి 4

కూర్చుని రాసుకున్నాను. పోయిన కార్తీకం నుంచి నాలుగుసార్లు ఆగింది. దర్శి దారిలో రెండు. యర్రగొండపాలెం పోతూ ఒకటి. పదకొండో తేదీ ఒకటి. నాలుగూ దూరప్రయాణాలే. స్టేషనుకు రోజూ పలకలు వేసుకుపోతాను, అక్కడ ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆగిన ప్రతిసారీ నేను చేసినవి — ప్లగ్గులు, పాయింట్లు, జెట్, పైపు ఊదడం, పుల్ల ముంచడం. గేజీ పనిచేయదు కనుక పుల్ల. ఇన్ని పనులు కలిపి చేస్తే బండిని లేపింది ఏదో ఎలా తెలుస్తుంది? ప్రాక్టికల్ పరీక్షలో ఇలా చేస్తే సున్నా.

నాలుగుసార్లూ చెన్నమ్మ బండిలో ఉంది. నవ్వేది — "నేనెక్కితేనే దానికి అలక. సవతి గదా."

మార్చి 9. ఆదివారం

ఒక్కడినే గిద్దలూరు పోయి వచ్చాను. ఆగలేదు. రెండో మైలురాయి దగ్గర నేనే ఆపాను. రోడ్డు పక్కన, ఆ రోజు పాయింట్లు గీకి నేను పారేసిన ఎమరీ కాగితం ముక్క ఇంకా ఉంది.

మార్చి 12

మిట్టమధ్యాహ్నం, నిండా లోడుతో యర్రగొండపాలెం. అక్కడికి పోయేసరికి రేడియేటర్ మీద చెయ్యి పెట్టలేకపోయాను. అయినా ఆగలేదు. వేడి కాదు.

టీ దుకాణంలో ఒకాయన — "అమ్మ పోయినాక బండికి బుద్ధొచ్చినట్టుందే." పక్కవాడు మోచేత్తో పొడిచాడు. టీ పూర్తిగా తాగి లేచాను.

మార్చి 13

ఆగితే బాగుండును.

మార్చి 17. సోమవారం

ఆగింది.

నారాయణ దర్శి వెళ్ళాడు. సుబ్బులును కంభంలో నర్సమ్మకు చూపించే రోజు ఇది. "బావా, మీరే తీసుకపోండి. ఆయనకు చెప్పొద్దు" అంది. వద్దన్నాను. "అక్క ఉంటే ఆ బండిలోనే పోయేదాన్ని గదా" అంది. పక్కింటి అవ్వను తోడు తీసుకుని బయల్దేరాం.

బేస్తవారిపేటకు రెండు మైళ్ళ ఇవతల. అవే రెండు కుదుపులు. నిశ్శబ్దం.

సుబ్బులు కడుపు మీద చెయ్యి పెట్టుకుని నన్నే చూస్తోంది. అవ్వ మాత్రం — "ఏంది నాయనా, దిగి తొయ్యాల్నా? డెబ్బై ఏండ్లుండాయి నాకు, ఒక పక్కే తొయ్యగలను."

బానెట్ ఎత్తలేదు. ఈసారి ఒక్క పనే చేయాలి. ఏది? ప్రతిసారీ ఆఖరున చేసింది మొదట చేద్దామనుకున్నాను. మూత తిప్పాను. సుయ్ మని లోపలికి గాలి పోయింది — చాలాసేపు నీళ్ళలో మునిగినవాడు పైకి తేలి ఊపిరి పీల్చినట్టు. టాంకు పక్క రేకు టప్ మంది. అంతే. మూత బిగించి హ్యాండిల్ తిప్పాను. అందుకుంది.

కంభం చేరాం. సుబ్బులును చూసి నర్సమ్మ ఇప్పటికి బాగుందంది.

స్టీరింగు మీద నా అరచెయ్యి పసుపుపచ్చగా ఉంది. అది నా కంట పడింది తిరిగి వస్తూ, ఊరి దగ్గరికి వచ్చాక.

మార్చి 18

పొద్దున సుబ్బులును అడిగాను, నిన్న మూత మీద బొట్టు పెట్టావా అని. భయపడింది. "తప్పా బావా? అక్క పెట్టేది గదా, ఊరు దాటితే. చక్రాలకెందుకు, తాగే నోటికి పెట్టాల అనేది."

తప్పు కాదన్నాను.

మూత మధ్యలో సూది బెజ్జమంత రంధ్రం ఉంటుంది. ఉందని నాకు తెలుసు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. పెట్రోలు తగ్గినకొద్దీ ఆ రంధ్రంలోంచి గాలి లోపలికి పోవాలి. రంధ్రం మూసుకుంటే టాంకులో శూన్యం పెరుగుతుంది. పంపు ఎంత లాగినా చుక్క రాదు. కొంచెం దూరమైతే తెలియదు. పన్నెండు, పదిహేను మైళ్ళు పోయేసరికి బండి ఆగుతుంది. పసుపు ఎండి పగిలితే మళ్ళీ సందు దొరుకుతుంది; ఆ రోజు మిగతా దారంతా నడిచింది అందుకే. ఎవరూ తడి పసుపు పెట్టని ఈ నెల రోజులూ బండి బుద్ధిగా నడిచింది.

ఇంత సులభం. నేను తప్పు పట్టుకోవడానికి మూత తీసిన ప్రతిసారీ అదే మందు అయింది. మందు వేశానని నాకే తెలియలేదు.

ఆ రోజు పుల్ల ముందే ముంచి ఉంటే —

(తర్వాత)

ఈ వాక్యం పూర్తి చేయను.

మార్చి 19

మస్తాన్‌కు చెప్పాను. నమ్మలేదు. మళ్ళీ పసుపు పెట్టడానికి చెయ్యి రాలేదు. మూత లోపలివైపు నుంచి సబ్బు ముక్కతో రంధ్రం పూడ్చి, తర్లుపాడు దారి పట్టి, అక్కడి నుంచి ఇంకా ముందుకు పోయాం. ఇద్దరం ఇంజను చప్పుడే వింటున్నాం. పద్నాలుగో మైలు దగ్గర రెండు కుదుపులు. ఆగింది.

మస్తాన్ దిగి టాంకు పక్క రేకు నిమిరాడు. లోపలికి గిన్నెలా నొక్కుకుపోయి ఉంది. ఎవరైనా చూస్తే రాయి తగిలిన సొట్ట అనుకుంటారు. మూత తిప్పాడు. సుయ్. మా కళ్ళ ముందే రేకు టప్ మని తిరిగి లేచింది.

చెయ్యి వెనక్కు లాక్కున్నాడు. "యా అల్లా. ఎవురు తోసినారు సామీ లోపలికి?"

"గాలి."

"యాడుంది గాలి? ఆకు గూడా కదల్లా."

నిజమే, ఆకు కదలడం లేదు. కాలేజీలో చదివింది గుర్తొచ్చింది. చదరపు అంగుళానికి పదిహేను పౌన్లు. పరీక్షలో రాశాను, మార్కులొచ్చాయి. ఇప్పుడు చూశాను. మస్తాన్ తల మీద, నా భుజాల మీద, ఎదురుగా నల్లమల కొండల మీద అంత బరువు ఎప్పుడూ కూర్చునే ఉంది, చప్పుడు లేకుండా. బండి నడిచేది దానివల్లే. పంపు పెట్రోలును తెస్తుందనుకున్నాను. పంపు కొంచెం చోటు ఖాళీ చేసి ఊరుకుంటుంది. నెట్టేది ఆకాశం. ఇంత ఆకాశం పట్టడానికి సూది బెజ్జమంత దారి చాలు. వేలితో ఒత్తిన పసుపు దాన్ని ఆపగలదు.

మస్తాన్ నాలుగుసార్లు మూత పెట్టి తీశాడు, ఇంకోసారి సుయ్ మంటుందేమోనని. అనలేదు.

"ఎవురు పూసినారు సామీ ఈ పసుపు?"

మూత అతని చేతిలోంచి తీసుకుని బిగించాను. నా ముఖం చూసి మళ్ళీ అడగలేదు. షెడ్డుకు రాగానే మూత అంచున ఇంకో రెండు రంధ్రాలు వేశాడు. వేలు అందని చోట. "ఇంక ఎవురు ఏం పూసినా నడుస్తాది."

మార్చి 20

మూత ఇంటికి తెచ్చుకున్నాను. మధ్యలో పసుపు కుంకుమల గట్టి పెచ్చు. పలకలు చీల్చే సన్నటి ఉలి తీసుకున్నాను. రాయిలో పొర ఎక్కడ విడుతుందో వేళ్ళకు తెలుస్తుంది. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని.

పై పొర మెత్తగా వచ్చేసింది. అది సుబ్బులుది. దాని కింద పెచ్చంతా ఒక్క ముక్కగా లేచింది. అడుగున సన్నటి ముల్లు — రంధ్రంలోకి దిగి గట్టిపడిన పసుపు. అంచున పొరలు కనిపిస్తున్నాయి. పసుపు, ఎరుపు, పసుపు, ఎరుపు. ఒక్కో పొర ఒక్కో ప్రయాణం. దర్శి, యర్రగొండపాలెం, మళ్ళీ దర్శి. ఎన్నో చూద్దామని మొదలుపెట్టి ఆపేశాను.

పైకి తిప్పితే పదకొండో తేదీ. పగుళ్ళ మధ్య ఆమె ఉంగరం వేలి గీతలు. చుట్లు చుట్లుగా, స్పష్టంగా. నొప్పిలో ఉంది కదా, ఎప్పటికంటే గట్టిగా ఒత్తింది.

కొత్త నల్లపలక మీద పెట్టి చూస్తూ కూర్చున్నాను. మేం క్షేమంగా పోయి రావాలని పెట్టింది. ప్రతిసారీ. నేను ఆఫీసులో కూర్చుని లోడు చూసుకుంటుంటే, ఈ పక్క ఇంత జరిగింది.

మార్చి 21

ఏడవలేదు. అన్నం తినబుద్ధి కాలేదు. స్టేషనుకు రెండు ట్రిప్పులు.

మార్చి 22

నారాయణ దర్శి నుంచి వచ్చాడు. సుబ్బులు కంభం సంగతి చెప్పేసినట్టుంది. కేకలు వేస్తాడనుకున్నాను. వేయలేదు.

"దొరికిందంట గదా?"

"మూతలో దుమ్ము పేరుకుంది. తీసేశాను."

"దుమ్మా."

"దుమ్మే."

"దుమ్ముకు నువ్వు మూడు దినాలు అన్నం మానవు అన్నా."

లేచిపోయాడు. వాడికి ఏమని చెప్పను? ఆ రోజు గిన్నె పట్టుకున్నది వాడే. చెబితే వదిన చెయ్యి గుర్తొస్తుంది, తన చెయ్యి గుర్తొస్తుంది. చెప్పకపోతే బండి ఎక్కించడు.

మార్చి 23. ఆదివారం

సుబ్బులు కాళ్ళు ఉబ్బాయి. తలనొప్పి, కళ్ళ ముందు మసక. సాయంత్రం డాక్టరు వచ్చి రక్తపోటు చూసి పెదవి విరిచాడు. ఈ పూటకు మందు ఇచ్చాడు. రేపు తప్పకుండా నంద్యాల చేర్చాలి. కూర్చోబెట్టి కాదు, పడుకోబెట్టి. రైల్లో మూడో తరగతి బల్ల మీద కుదరదు. పరుపు పట్టేది మా బండిలోనే.

డాక్టరు వెళ్ళాక నారాయణ గడపలో నిలబడి బండినే చూస్తున్నాడు. నన్ను చూడకుండా అన్నాడు — "నిజం జెప్పు. ఏముండింది ఆ మూతలో? నువ్వు దాచేకొద్దీ నాకు భయమైతాంది."

లోపల సుబ్బులు మూలిగింది. వాడు లోపలికి పోయాడు.

చెన్నమ్మ ఉంటే ఏం చేసేదో తెలుసు. ఆమె ఏదీ దాచేది కాదు.

ఆ గంటన్నర మిగిలి ఉంటే బతికేదా? డాక్టరు వాక్యం పూర్తి చేయలేదు. నేనూ చేయలేదు. నారాయణ కూడా అదే అడుగుతాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మిగతాదానికి ఉంది.

టాంకు మూత మళ్ళీ విప్పాను. అంచున రెండు రంధ్రాల్లోకి ఊది చూశాను. గాలి పోతోంది. బిగించాను. పరుపు వేసి ఉంచాను.

రేపు పొద్దున ఐదున్నరకు, సుబ్బులు లేవకముందే, ఆ పెచ్చును నల్లపలక మీద పెట్టి నారాయణ చేతికిస్తాను. బండి దగ్గరికి తీసుకుపోయి కొత్త రంధ్రాలు చూపిస్తాను. వాడు చూసినంతసేపు పక్కనే నిలబడతాను. వాడు ఎక్కిస్తాడో లేదో తెలియదు. ఎక్కిస్తే, పసుపు గిన్నె నేనే పట్టుకుని బొట్టు పెట్టమని సుబ్బులుకు చెబుతాను.